అందరిది ఒకటే గోత్రం

మొన్న దీపావళికి నేను చేసిన పని చెప్త. ముందుగాల ఆ ఛాయ్ గ్లాసులు జర కింద పెట్టుండ్రి, మీదవోసుకుంటరు. డేటాబేస్ అప్‌గ్రేడ్ చేస్తూ ఒక్క సెట్టింగ్, ఒకే ఒక్క సెట్టింగ్ చూడక, కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాక పెండ్లి మాటలు నడుస్తున్న పిల్లలను, పిలగాండ్లను అందరిని పండుగ పొద్దుగాల్నే అన్నాచెల్లెండ్లను చేసి పెట్టిన! అండ్ల ఒక పిలగాన్ని నేనే. నవ్వకుండ్రి అంటే మీరు ఇనరు గద. నవ్వుండ్రి. నేను గూడ సగం దాక నవ్విన.

నా పని మీకు ఎరికే. ఆఫీసులల్ల డేటాబేస్‌లు పెట్టుడు, పాతబడ్డ వాటిని కొత్త వర్షన్‌కు ఎక్కిచ్చుడు, ఆఫీసు మిషన్లల్ల ఉన్నయి క్లౌడ్‌కు మార్చుడు. పదమూడేండ్ల సంది గదే. ఊరందరి డేటా ఎక్కడ భద్రంగ ఉండాలెనో చూసుకుంట చూసుకుంట నాకు ముప్పై ఆరేండ్లు వచ్చినయని మరిచిపోయిన. మా అవ్వ మరువలే. ఒకనాడు ఆటో మాట్లాడుకొని పోయి, మా కులసంఘపోళ్లు నడిపే సంబంధాల కేంద్రంల నా పేరు రాయించి వచ్చింది. ఫోటో గూడ ఇచ్చిందట. ఏ ఫోటో అనుకున్నరు? ఇంజనీరింగ్ హాల్‌టికెట్ మీదిది!

ఆ కేంద్రం అంటే కరీంనగర్‌ల టవర్ సర్కిల్ ఎనక గల్లీల రెండు అర్రలు. నడిపేది మల్లేశం సారు, రిటైరైన తెలుగు పండితుడు. టేబుల్ కింద ఒక పాత సర్వర్ ఉంటది, దసరాకు వేసిన బంతిపూల దండ దీపావళి దాక దాని మీదనే ఎండుతుంటది. నాలుగైదు జిల్లాల బయోడేటాలు అన్ని అండ్లనే. సారు పట్టింపు ఒకటే. ఇంటిపేరు కలిసినా, గోత్రం కలిసినా పాలోళ్ల కిందికే వస్తరు, అన్నాచెల్లెండ్లు అయితరు, ఆ సంబంధం ముంగటవడొద్దు. అది చూసే పని మనుషులకు ఇయ్యలే, మిషన్‌కు ఇచ్చిండు. మిషన్ ఓకే అన్నంక ఇగ ఎవ్వలు మళ్ల చూడరు.

ఆ మిషనే నాకు స్వరూపను చూపెట్టింది. ఆదిలాబాద్ పత్తి మార్కెట్‌ల పని ఆమెది. రైతులు పత్తి తెస్తే అండ్ల తేమ ఎంతున్నదో చూసి చెప్తది. తేమ ఎక్కువుంటే రేటు తగ్గుతది, రేటు తగ్గితే రైతు ఆమె మీదికే లొల్లికి వస్తడు. పొద్దంత అందరితోని కొట్లాడి, సాయంత్రం ఏడింటికి నాకు ఫోన్ చేస్తది. వానకాలంల ఆమె మాట ఎనక వాన సప్పుడు ఇనవడేది. పత్తి వచ్చుడు మొదలైనంక ట్రాక్టర్ల సప్పుడు, ఎవరో ‘జరుగుండ్రి’ అననీకె మరాఠిల ‘సర్కా, సర్కా’ అని ఒర్రుడు, వాటి నడుమ ఆమె గొంతు. నాలుగు నెలలు గట్లనే గడిచినయి. ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చింది.

కలిసింది మాత్రం ఒక్కసారే. నిర్మల్ బస్టాండ్‌ల, ఇద్దరికి నడుమ ఊరని. అరగంట కూసున్నం. ఆమె బస్సు వచ్చింది, ఎక్కింది, కిటికీల కెళ్లి చెయ్యి ఊపింది. నిజం చెప్తున్న, ఆ తర్వాత నేను రోజంత పనిచేసింది ఆ ఏడింటి కోసమే. ఆరున్నర కాంగనే ఫోన్ ఛార్జింగ్ చూసుకునుడు, సిగ్నల్ చూసుకునుడు. మీరు క్యారమ్స్‌కు పిలిస్తే ‘అర్జెంట్ పని’ అన్న గద, ఆ పని గిదే!

ఒకనాడు అడిగింది, “అసలు నువ్వు చేసే పని ఏంది? నాకు అర్థమయ్యేటట్టు చెప్పు” అని. చెప్పిన. అంతా ఇని, “అంటే గోదాం మారుస్తవన్నట్టు. పత్తి గదే, గోదాం కొత్తది” అన్నది. పదమూడేండ్లల్ల మా మేనేజర్‌కు నేను అంత సక్కగ చెప్పలేకపోయిన. “గదే!” అన్న. “పత్తి మోసుడు అల్కనే ఉంటది. తడవకుండ మోసుడే కష్టం” అన్నది. గా మాట నేను చెవిల పెట్టుకోలే.

పోయిన నెల మల్లేశం సారు ఫోన్. “సంపతూ, మన మిషన్ మూలుగుతున్నదిరా. అది కన్ను మూస్తే గిందరి పెండ్లిళ్లు ఏమైతయి?” పోయి చూసిన. ఆ డేటాబేస్ వర్షన్‌ను దాన్ని తయారుచేసిన కంపెనోళ్లే ఎప్పుడో మరిచిపోయిండ్రు. “ఫికర్ చెయ్యకుండ్రి సార్, నేను కొత్త వర్షన్ పెట్టి క్లౌడ్‌కు ఎక్కిస్త” అన్న. సేవ అనుకునేరు! స్వరూపకు చెప్పుకునేతందుకు. మమ్మల్ని కలిపిన మిషన్‌కు నేనే కొత్త పానం పోసిన అని చెప్పుకోవాలె, ఆమె నవ్వాలె. గంతే నా కోరిక.

ఇప్పుడు గిట్ల పనులు ఎట్ల చేస్తమంటే, డేటాబేస్ సాఫ్ట్‌వేరు, దాని సెట్టింగులు, అది నడవనీకె కావల్సినయన్ని కలిపి ఒక ప్యాకేజీ కడ్తం. పొలానికి సద్ది కట్టినట్టు. ఒక్కసారి సక్కగ కడితే ఆఫీసుల ఇప్పినా, క్లౌడ్‌ల ఇప్పినా ఒక్కతీరుగనే ఉంటది. మూటల తప్పుంటే ఎక్కడ ఇప్పినా ఆ తప్పు గూడ ఒక్కతీరుగనే ఉంటది, అది వేరే సంగతి. సెట్టింగుల ఫైలు మళ్ల కొత్తగ ఎవడు రాయాలె అని, ఆఫీసుల ఒక విదేశీ క్లయింట్‌కు ఎప్పుడో రాసిన ఫైలు తెచ్చి అండ్ల పెట్టిన.

ఆడనే ఆగమైంది! ఆ ఫైలుల కొలేషన్ అని ఒక సెట్టింగ్ ఉంటది. ఏ అక్షరం ఏ అక్షరంతోని సమానం, ఏది ముందు, ఏది ఎనక అని డేటాబేస్‌కు చెప్పేది గదే. ఆ క్లయింట్‌ది మొత్తం ఇంగ్లీషు, అది గూడ పాతకాలం సెట్టింగ్. దానికి తెలుగు అక్షరాలు కనవడుతయి గని వాటికి విలువ ఉండదు. విలువలేని అక్షరాలన్ని దాని లెక్కల సమానమే. భరద్వాజ అన్నా కాశ్యప అన్నా దానికి ఒకటే!

టెస్ట్ చెయ్యలేదా అంటరు. చేసిన! పుట్టింది బెల్లంపల్లిల, చదివింది తెలుగు మీడియంల, టెస్ట్ చేసింది మాత్రం ఇంగ్లీషుల. ‘టెస్ట్ వన్’ అని ఒక పిలగాన్ని, ‘టెస్ట్ టూ’ అని ఒక పిల్లను పుట్టించి, ఇంగ్లీషుల గోత్రాలు పెట్టి చూసిన. అన్ని పచ్చ టిక్కులే. పండుగ ముందటి రాత్రి కొత్తదాన్ని చాలు చేసి స్వరూపకు స్క్రీన్‌షాట్ పంపిన, ‘గోదాం మారింది’ అని. ‘పత్తి తడవలే గద?’ అని ఆమె. ‘చుక్క పడలే’ అని నేను.

పండుగనాడు పొద్దుగాల తొమ్మిదైంది. నెత్తికి నూనె పెట్టుకొని, అవ్వ కుంకుడుకాయ రసం పోస్తుంటె కండ్లు మూసుకొని కూసున్న. ఫోన్ టింగుమన్నది. ఒక్క కన్ను తెరిచి చూసిన.

‘గౌరవనీయులైన సంపత్ గారికి. మీరును, ఆదిలాబాద్ వాస్తవ్యురాలు స్వరూపయును ఏకగోత్రీకులు. అన్నాచెల్లెళ్ల వరుస అగుదురు. కావున ఈ సంబంధము రద్దు చేయనైనది. దీపావళి శుభాకాంక్షలు.’

కుంకుడు రసం కండ్లల్ల పడ్డది. నేను ఒర్రింది రసానికా, మెసేజ్‌కా నాకే తెల్వదు. “కండ్లు మూసుకోరా అంటే ఇనవు” అని అవ్వ.

మళ్ల ఫోన్. మల్లేశం సారు. “సంపతూ! ఏం చేసినవురా? నాలుగు జిల్లాలది ఒకటే గోత్రమట!”

అప్పుడు వెలిగింది. రోజూ తొమ్మిదింటికి ఆ సిస్టం మాటలు నడుస్తున్న జంటలను ఇంకోపారి చూసుకుంటది, గోత్రం కలిస్తే రద్దు చేసి మెసేజ్ పంపుతది. మెసేజ్ సారు రాసిందే, ఎప్పుడో ఏడాదికి ఒక్కసారి పోయేది. ఆ పొద్దు అందరికి పోయింది! జగిత్యాల నుంచి ఒకామె ఫోన్ చేసి, “సార్, ఉంగరాలు మార్చుకున్నరు, ఇప్పుడు చెల్లె అంటే ఆ ఉంగరం ఎవలు తియ్యాలె?” అని ఏడ్చిందట. పెద్దపల్లిల రెండు ఇండ్లోళ్లు కలిసి కార్డులు కొట్టించి ఉన్నరట. ఒక్క పిలగాడు మాత్రం, “మంచిగైంది సార్, నాకు ఆ సంబంధం మొదటి సందే ఇష్టం లేదు, గా మెసేజ్ ఇంకోపారి మా బాపు నంబర్‌కు గూడ పంపుండ్రి” అన్నడట.

సగం నెత్తి నూనెతోనే బండేసుకొని పోయిన. పాత మిషన్‌ను ఇంకా బంద్ చెయ్యలే, నేను బుద్ధిగ చేసిన పని అదొక్కటే. అండ్ల ఎవరో పుణ్యాత్ముడు తెలుగుకు తగ్గ సెట్టింగ్ పెట్టి ఉంచిండు. అది చూసి నా మూట మళ్ల కట్టి, మళ్ల ఎక్కిచ్చి, ఈసారి తెలుగుల టెస్ట్ చేసేసరికి మధ్యాన్నం మూడైంది. అందరికి ఇంకో మెసేజ్ పంపిచ్చినం. అది గూడ సారే రాసిండు: ‘ఉదయపు సందేశము పొరపాటు. మీరు అన్నాచెల్లెళ్లు కారు. పూర్వము వలె కొనసాగగలరు.’

ఏడింటికి స్వరూప ఫోన్. ఎత్తంగనే, “అన్నా, పండుగ ఎట్ల జరిగింది?” అని ఒకటే నవ్వుడు. నేను గూడ నవ్విన. సగం దాక నవ్విన అన్న గద, ఆ సగం గిది. “బాపు జర పరేషాన్ అయిండు. మిషన్ తప్పు అని నేనే చెప్పిన. తప్పే గద?” అన్నది. “మిషన్ తప్పు గాదు, నా తప్పు. మనది వేరే వేరే గోత్రం” అన్న. ఆ రోజు నేను నమ్మే చెప్పిన.

తెల్లారి కేంద్రంకు పోయిన. గోదాం మార్చినంక బస్తాలు లెక్కవెట్టినట్టు, పాతదాంట్ల ఎన్ని గోత్రాలున్నయి, కొత్తదాంట్ల ఎన్ని అని ఒక లిస్టు తీసిన. సరిపోయినయి. ఆ లిస్టు చూసి సారుకు పండుగైంది. “ఎన్ని తప్పులురా సంపతూ! ఆ టైపు చేసినోనికి చేతులా, కాళ్లా?” అని ఎర్ర పెన్ను తీసిండు. ముప్పై ఏండ్లు పిల్లల నోట్‌బుక్కులు దిద్దిన చెయ్యి, ఊకుంటదా? ఆయన దిద్దుడు, నేను సిస్టంల మార్చుడు. నాలుగో పేజీల ఆగిండు. “కౌండిల్య. గిదేందిరా? గీ పేరు గల్ల ఋషే లేడు. కౌండిన్య. కొందరు నోరు తిరగక కౌండిల్య అంటరు. కొట్టెయ్.” ఎర్రగ కొట్టేసి పేజీ తిప్పిండు.

మాది కౌండిన్య. కౌండిల్య ఎవలదా అని చూసిన. ఒక్కటే ఒక్క రికార్డు ఉన్నది. స్వరూపది.

నాలుగు జిల్లాల జంటలన్నిటికి తప్పు చెప్పిన నా సిస్టం, నా ఒక్క జంటకు నిజం చెప్పింది! ‘న్య’ అనే కాడ ‘ల్య’ పడ్డందుకే ఆ పాత మిషన్ మమ్మల్ని కలిపింది. ఆ ఒక్క అక్షరమే నాకు నాలుగు నెలల ఏడింటిని ఇచ్చింది. సారు ఐదో పేజీ దిద్దుతున్నడు, ఆయనకేం తెల్వదు. నేను ఆ ఒక్కటి ఇడిసిపెట్టి మిగిలినయన్ని మార్చిన. ముట్టకుంటే ఎవ్వలకు తెల్వదు. నా చేతిల పనే. పదమూడేండ్లల్ల ఒకరి డేటా ముట్టాల్నని ఎన్నడు అనిపియ్యలే, ముట్టొద్దని గిట్ల పానం కొట్టుకునుడు గూడ గదే మొదలు.

సాయంత్రం ఏడైంది. ఫోన్ వచ్చింది. నాకు ఎత్తబుద్ధి కాలే, ఎత్తకుండ ఉండబుద్ధి గూడ కాలే.

“బాపు ఇంకోపారి అడగమన్నడు. మాది కౌండిల్య. మీది ఏంది? చెప్తే ఆయన మనసు నిమ్మలమైతది” అన్నది.

ఏదో ఒక పేరు చెప్తే అయిపోతుండె. నోట్ల దాక వచ్చింది. గని ఆ గొంతుతోని అబద్ధం ఆడుడు నాతోని కాలే. లిస్టు, ఎర్ర పెన్ను, సారు మాట, అంతా చెప్పిన.

“ఈ సంగతి ఎవలెవలకు ఎరుక?” అన్నది.

“నాకు. ఇప్పుడు నీకు.”

“ఆ అక్షరం మార్చినవా?”

“లే.”

అప్పుడన్నది, “సంపత్, గోత్రంతోని నాకు ఫికర్ లేదు. గని దాసిపెట్టుడు నాతోని కాదు. నేను బాపుకు ఉన్నది ఉన్నట్టు చెప్త, కొట్లాడుత. రోజూ వందమందితోని కొట్లాడుతున్న, ఆయనొక్కడు నాకు లెక్కనా? నువ్వు మీ అవ్వకు చెప్తవా?”

చెప్త అనాలె. ఒక్క మాట. నాకు మా అవ్వ ముఖం యాదికొచ్చింది, సంఘం యాదికొచ్చింది, మేనమామలు యాదికొచ్చిండ్రు. రెండు సెకన్లు. గంతే, రెండే సెకన్లు ఆగిన. మా పనిల అడిగినదానికి జవాబు ఆలస్యమైతే టైమౌట్ అని రాసి కనెక్షన్ తెంపేస్తం. “చెప్...” అని నేను మొదలువెట్టేలోపల ఆమె, “ఊకో, ఇనవడ్డది” అన్నది. ఆ ఆగుడు ఆమెకు ఇనవడ్డది. రోజంత తేమ పట్టే మనిషి, పట్టదా?

“రేపు భావుబీజ్. నాకు తోడబుట్టినోళ్లు లేరు. భోజనానికి రా అన్నా” అన్నది. ఈసారి నవ్వలే.

ఆదిలాబాద్‌ల మరాఠోళ్లను చూసి తెలుగోళ్లు గూడ ఆ పండుగ చేస్తరు. చెల్లె బొట్టువెట్టి, హారతిచ్చి అన్నం పెడ్తది, అన్న కానుక ఇస్తడు. పోవద్దనుకున్న. తెల్లారకముందే బస్టాండ్‌ల ఉన్న! జగిత్యాల, నిర్మల్ మీదికెళ్లి పోయే బస్సు. నిర్మల్‌ల ఆగితే కిటికీల కెళ్లి చూసిన, మేం కూసున్న బెంచీ మీద ఎవరో పల్లీలు ఒల్చుకుంట కూసున్నరు. ఎవలన్న అన్నగ పీట మీద ఒక్కసారి కూసోనీకె పోతరా గింత దూరం? నేను పోయిన. ఆమె ఇల్లు ఎట్లుంటదో చూడాలె అని నాలుగు నెలలు అనుకున్న. చూసిన. నీలం రంగు తలుపు.

బాపు ఎదురొచ్చి భుజం మీద చెయ్యి వేసిండు. “బిడ్డ అంతా చెప్పింది. దాసిపెట్టలే, మంచి మనసు నీది. సంబంధం పోతే పోయింది, మాకు కొడుకు దొరికిండు” అన్నడు. పీట మీద కూసున్న. స్వరూప హారతి పళ్లెం పట్టుకొని వచ్చింది. బొట్టు పెట్టేటప్పుడు ఆమె వేలు నా నుదుటి మీద జర ఎక్కువసేపే ఉన్నది. లేకుంటె నాకు గట్ల అనిపిచ్చింది. పోలెలు, ఆలుగడ్డ కూర, పచ్చిపులుసు. కడుపునిండ తిన్న. ఏడ్చుకుంట గింత తినొచ్చని నాకు తెల్వదు. పోలెల మీద ఆమె నెయ్యి పోస్తనే ఉన్నది, నేను వద్దనలే.

కానుక అంటరా? ఆమెకు పండుగకు ఇద్దామని సిరిసిల్ల చీర ఒకటి కొని దాసిన. కాబోయే భార్యకు కొన్న చీరనే చెల్లెకు ఇచ్చిన. “రంగు బాగున్నది అన్నా” అన్నది.

వచ్చేటప్పుడు గేటు దాక వచ్చింది. బాపు లోపలున్నడు.

“ఆ అక్షరం మార్చినవా?”

“ఇంకా లే.”

“మార్చు. బాపు వేరే సంబంధాలు చూడమంటుండు. ఇంకో కౌండిన్యోడు తగిలితే, మళ్ల గీ కష్టం ఎందుకు నాకు?” అన్నది. అని, నా దిక్కు చూడక గేటు గడియ పెట్టింది.

తిరిగొచ్చే బస్సుల ఏడైంది. ఫోన్ చేతిల పట్టుకొనే కూసున్న. ఛార్జింగ్ నిండుగ ఉన్నది, సిగ్నల్ నిండుగ ఉన్నది.

ఇగ నిన్న పొద్దుగాల కేంద్రంకు పోయిన. “ఒక్కటి మిగిలింది సార్” అంటే, సారు అద్దాలు పెట్టుకొని నా ఎనక నిలవడ్డడు. పద్ధతిగ బ్యాకప్ తీసిన. ఒక్క లైను రాసిన. రాసి, చానా సేపు చూసిన. “నొక్కురా, ఏం ఆలోచిస్తున్నవ్?” అన్నడు సారు. ఎంటర్ నొక్కిన. స్క్రీన్ మీద జవాబు వచ్చింది, ‘వన్ రో అఫెక్టెడ్’ అని. పదమూడేండ్ల సంది రోజుకు వంద సార్లు చూసే మాటే అది, ఎన్నడు మనసు పెట్టి సదువలే. సారు తెలుగు పండితుడు గద. నా భుజం మీదికెళ్లి వంగి, అద్దాలు సదురుకొని, మెల్లగ తెలుగుల సదివిండు.

“ఒక్క వరుస మారింది.”